నాలుగద్దాల రెక్కపురుగు

సౌదీ అరేబియాలో అభా అనే ఊళ్లో ఒక పెద్దాసుపత్రి. రాత్రి డ్యూటీ దిగిన నర్సు రత్నమణి హాస్టలుకి పోయి పడుకోకుండా, రాత్రి లైట్లకి వచ్చి వాలిన రెక్కపురుగుల్ని ఫోటో తీసుకోడానికి ఎప్పటిలాగే వెనక గోడ దగ్గరికి వచ్చింది. అక్కడ మెయింటెనెన్స్ భోజన్న నీళ్ల గొట్టంతో గోడ కడగబోతున్నాడు. ఆమె వచ్చీరాగానే గొట్టం మీద కాలు వేసి తొక్కింది.

“కాలు తియ్యుండ్రి సిస్టర్. నీళ్లు ఆగిపోయినయ్.”

“ఆగాలనే తొక్కాను. ఈ ఒక్కరోజు గోడ కడగొద్దు భోజన్నా.”

“కడగకపోతె ఆఫీసుల ముదీర్ ఊకుంటడా? మేనేజరాయె, పురుగులు అంటుకొని గోడ ఖరాబైతున్నదని మొన్ననే మొత్తుకున్నడు. లైట్లు గూడ మార్పిచ్చిండు నాతోని.”

“తెలుసులే. తెల్లలైట్లు పీకి పసుప్పచ్చవి పెట్టావు. అప్పట్నుంచీ నా చిమ్మటలు సగానికి సగం రావట్లేదు.”

“నేనేం జేత్త? చెప్పింది చేసుడే నా పని.”

“నిన్ను అనట్లేదు. ఇంకాసేపట్లో యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ వస్తున్నాడు, ఈ గోడ చూడ్డానికి. నేను రమ్మన్నాను.”

“గోడ సూసుడేంది? గోడల ఏమున్నది?”

“నెల కిందట ఇక్కడ, ఇదిగో ఈ పైపు పక్కన, ఒక రెక్కల పురుగుని ఫోటో తీశాను. అరచేతికంటే పెద్దది. రెక్కకొకటి చొప్పున నాలుగు అద్దాల చుక్కలు. గుర్తుందా?”

“నాకేం గుర్తుంటది. దినాం ఎన్ని పురుగుల కడుగుత.”

“ఫోన్లో నీకు చూపించాను కూడాను. చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయావు.”

“పనుండె గావచ్చు.”

“గొట్టం అక్కడే పడేసి వెళ్లిపోయావు.”

“జల్దిల ఉన్న గావచ్చు.”

“సరే. దాని ఇంటిపేరు ఆంథెరియా.”

“పురుగుకు ఇంటిపేరేంది సిస్టర్?”

“మనకున్నట్టే. నేను కొమ్మాబత్తుల రత్నమణి, ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. పుస్తకాల్లో వీటికీ అంతే రాస్తారు. ఒకే ఇంటిపేరున్నవన్నీ దాయాదులన్నమాట. ఈ ఆంథెరియా వాళ్లు మన దేశంలో ఉన్నారు, చైనాలో ఉన్నారు, జపాన్‌లో ఉన్నారు. అమెరికాలో కూడా ఉన్నారు.”

“మస్తు తిరిగిండ్రు.”

“అరేబియాలో మాత్రం లేరని రాసుంది. ఏ పుస్తకం తీసినా అదే మాట.”

“లేరంటే లేరు గద. ఇడిసిపెట్టుండ్రి.”

“గోడ మీద కూర్చుంటే లేదని ఎలా రాస్తాను? చూశాను, తీశాను, అభా అని ఊరి పేరు వేసి నెట్‌లో నలుగురూ చూసేచోట పెట్టాను. సొంతపేరు ఏదో ఇంకా తేలలేదు. ఈ ఇంట్లో ఒక్కో అడవిదీ ఒక్కో రంగు, పుస్తకాలు రాసేవాళ్లే ఒకసారి దీని కింద వేస్తారు, ఇంకోసారి దాని కింద వేస్తారు. ఇంటిపేరు దగ్గర మాత్రం ఎవరికీ అనుమానం లేదు.”

“మరింక పంచాతేంది?”

“ఊరి దగ్గర. ప్రొఫెసర్ ఏమంటాడంటే, అది అభాలో పుట్టింది కాదంట. సెలవుకెళ్లినప్పుడు ఇండియాలో ఫోటో తీసుకుని ఇక్కడ తీశానని పెట్టానంట. లేదా గూడు బ్యాగులో పెట్టుకొచ్చి ఇక్కడ వదిలానంట. పేరు కోసం.”

“గట్ల అన్నడా?”

“అందరూ చదివేచోటే రాశాడు. అక్కడ పెట్టినవన్నీ సరిచూసేది ఆయనే. దాన్ని నా అంతట నేను వెనక్కి తీసుకోకపోతే, ఇన్నేళ్లలో నేను పెట్టినవన్నీ కొట్టేస్తానన్నాడు. ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధాలేనంట.”

“ఒక్కటే గద సిస్టర్. తీస్కోండ్రి వాపసు. ఏం పోయింది?”

“నేను అబద్ధమాడానని నేనే సంతకం పెట్టినట్టు. అదీ పోయింది. నేను ఐసీయూలో మందుల చార్టు రాసేదాన్ని భోజన్నా. ఇచ్చింది ఇచ్చానని రాస్తాను, ఇవ్వనిది ఇవ్వలేదని రాస్తాను. ఎన్ని తిట్లు పడ్డా ఒక్క మాత్ర దగ్గర అటూ ఇటూ చేసింది లేదు. ఇప్పుడీయనొచ్చి పురుగు కోసం అబద్ధం చెప్పానంటే ఊరుకుంటానా?”

“పెద్దోళ్లతోని కొట్లాటెందుకు. మీ నౌకరికేమన్న అయితె?”

“నా ఉద్యోగానికా? నర్సుల్లేక ఒక్కొక్కళ్లం ఇద్దరి పని లాగుతున్నాం. నా కాంట్రాక్టు అయిపోతుంటే కాయితం పట్టుకుని వాళ్లే నా వెనక తిరిగారు. నాలుగు తిట్లు తిడతారు, అంతే. నన్ను పంపించే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు.”

“మీకట్ల నడుత్తది. మాది కంపెనీ. జర తప్పు దొరికితె పాస్‌పోర్టు మీద ఖురూజ్ కొట్టి ఇమానం ఎక్కిత్తరు. మళ్ల ఈ దేశం మొకం సూసుడుండది.”

“నీ తప్పేం ఉంది ఇందులో? నువ్వెందుకు భయపడుతున్నావు?”

“భయమెందుకు? ఊకె చెప్తున్న.”

“అన్నట్టు ఆ గడ్డమేంటి? మూడు వారాలు దాటింది, కత్తెర పడలేదు.”

“మొక్కు.”

“ఏ దేవుడికి?”

“మా దేవునికే.”

“మెస్సులో చికెన్ ముట్టట్లేదంట. ఈ కొండమీది చలిలో తెల్లారి చన్నీళ్లు పోసుకుని డ్యూటీకి వస్తున్నావంట. నీ రూములో ఉండే సాయికుమార్ చెప్పాడు.”

“సాయిగానికి నోరాగది.”

“రేపు నిమోనియా వస్తే సూదులు పొడవాల్సింది నేనే, అందుకని అడుగుతున్నాను.”

“ఏం గాదు. గింకొన్ని దినాలే. కాలు తియ్యుండ్రి, పక్క గోడన్న కడుగుత.”

“ఉండు. ఆ ప్రొఫెసర్‌ని ఎలా పడతానో విను. ఇదిగో ఫోటో. వెనక ఏముంది?”

“పైపు.”

“పైపు మీద?”

“నేనేసిన నంబరు.”

“కదా. మరి ఇండియాలో తీసిందెలా అవుతుంది? ఇప్పుడు రెక్క చూడు. ఎక్కడా చిరుగు లేదు, పొడి రాలలేదు. ఇలాంటివి రెండు రాత్రులు ఎగిరితే రెక్క పీలికలైపోతుంది. అంటే గూట్లోంచి వచ్చి ఎంతోసేపు కాలేదు. కాబట్టి ఇక్కడే పుట్టింది, గూడు ఇక్కడే ఏదో చెట్టుకి ఉంటుంది. కాంపౌండులో ఒక్క చెట్టు వదలకుండా ఆయన చేతే వెతికిస్తాను.”

“అన్ని చెట్లా?”

“అన్నీ.”

“జనరేటర్ ఎనుకకు పోకుండ్రి సిస్టర్.”

“ఎందుకు?”

“అక్కడ కరెంటు తీగలున్నయ్.”

“అక్కడో మంచి రేగు చెట్టుంది కూడా. అరబ్బులు సిదర్ అంటారు చూడు, అది.”

“పాములున్నయ్.”

“తీగలా, పాములా?”

“రెండున్నయ్.”

“భోజన్నా, ఇటు చూడు.”

“సూత్తనే ఉన్న.”

“గొట్టం కింద పెట్టి చూడు. ఆ చెట్టు దగ్గర ఏం దాచావు?”

“ఏం దాయలే. నేనేం దాత్త?”

“ఏమీ లేకపోతే పద, చూసొద్దాం.”

“వద్దు.”

“నువ్వు రాకపోతే నేనే పోతాను. అడ్డం లే.”

“సిస్టర్, ఆ చెట్టు కాడికి చెప్పులతోని పోవద్దు.”

“పాములున్నచోటికి చెప్పుల్లేకుండా పోవాలా?”

“తానం జేయకుంట పోవద్దు. నీసు తిన్నోళ్లు పోవద్దు.”

“రాత్రి చేపల పులుసు తిన్నాను నేను.”

“అందుకే వద్దన్న. అక్కడ పిల్లలున్నయ్.”

“ఏం పిల్లలు?”

“పట్టుపురుగులు. పురుగనద్దు గని, మీకు తెలుత్తలేదని అంటున్న. మేం పిల్లలనే అంటం.”

“ఎవరు తెచ్చారు వాటిని?”

“నాకు వచ్చినయ్.”

“ఎక్కణ్ణించి వచ్చాయి?”

“చెప్త. ముంగట చెప్పులిడువుండ్రి.”

రత్నమణి చెప్పులు విడిచింది. ఆమె ప్రార్థన చేసుకునే మనిషి, ఈ మొక్కులతో ఆమెకి పని లేదు. అయినా విడిచింది. ఇద్దరూ జనరేటర్ షెడ్డు వెనక్కి వెళ్లారు.

“ఎక్కడ? నాకేం కనబడట్లేదు.”

“ఆకుల ఆకే ఉంటయ్. ఆ కొమ్మ కింద సూడుండ్రి. తలకాయ పైకెత్తి పండుకున్నది.”

“అబ్బ, వేలంత లావుంది. పక్కన వెండి చుక్కలు. ఇదిగో ఇంకోటి. ఇక్కడా ఉంది. భోజన్నా, చెట్టంతా ఉన్నాయి. ఎంత బొద్దుగా ఉన్నాయో.”

“దిష్టి పెట్టకుండ్రి.”

“ఇప్పుడు చెప్పు.”

“మాది చెన్నూరు అవుతల, గోదారి ఒడ్డు. మా అయ్య దసలి పట్టు పెంచేటోడు. అడివిల మద్ది చెట్ల మీద పెంచుతం. మద్ది లేకపోతె రేగు మీద గూడ బతుకుతయ్. గిప్పుడు ఊర్మిల పెంచుతది, నా భార్య.”

“దసలి అంటే టస్సర్ కదా. ఆంథెరియా అంటే అదే కదా. నువ్వు ఫోటో చూసిన రోజే గుర్తుపట్టావన్నమాట.”

“ఆ, గుర్తువట్టిన. అందుకే గొట్టం పడేసి పోయిన.”

“ఇక్కడికెలా వచ్చాయి?”

“నేనే కాయలు అడిగిన ఊర్మిలను.”

“కాయలంటే గూళ్లేనా?”

“ఆ, గూళ్లే. కాయను బ్లేడుతోని సుట్టూత కోసి, నానబెట్టి లాగితె పట్టీ అయితది. సుత్తె కట్టెకు బిగిచ్చి సుడితె ఎంత కొట్టినా తల ఊడది. మా అయ్య గొడ్డలికి సుట్టేటోడు. ఇక్కడ కంపెనీ ఇచ్చే సుత్తెలు వారానికొకటి ఊడుతున్నయ్. సాయిగాడు సెలవుకు పోయి వత్తుంటె వానితోని పంపింది. ఉడకబెట్టిన కాయలు ఒక గంపల ఉంటయ్, ఇత్తనం కాయలు ఇంకో గంపల ఉంటయ్. తొందరల గంప మారింది.”

“బతికున్న గూళ్లు పంపేసింది.”

“నాకేం తెలుసు. కోద్దామని ఒకటి చేతుల వట్టుకున్న, లోపల కదిలింది. చెవు కాడ పెట్టుకున్న. గీకుతున్నది సిస్టర్. నాకు కోయబుద్ధి కాలె.”

“అప్పుడేం చేశావు?”

“ఇంటికాడ లెక్కనే దండ గుచ్చి షెడ్డుల ఏలాడదీసిన. వాన పడ్డనాడు అన్ని బయటికొచ్చినయ్, జోడుగూడినయ్, గుడ్లు పెట్టినయ్. ఒకటి ఎగిరి గోడ లైటు కాడికొచ్చింది. అదే మీకు దొరికింది. గుడ్లు పగిలినంక పిల్లలను ఈ చెట్టెక్కిచ్చిన.”

“అయితే ప్రొఫెసర్ అన్నది నిజమే.”

“ఏది?”

“ఇండియా నుంచి బ్యాగులో వచ్చిందన్నాడుగా. బ్యాగులోనే వచ్చింది. నా బ్యాగు కాదు, అంతే తేడా. నెల రోజుల నుంచి నన్ను పదిమందిలో అబద్ధాలకోరంటుంటే నువ్వు తమాషా చూస్తున్నావు.”

“మీ పంచాతి నాకేం ఎర్క? ఇయ్యాలనే గద చెప్పిండ్రు.”

“అవును. ఇవాళే చెప్పాను.”

“నాకు ముందే తెలిస్తె అడ్డం వచ్చేటోణ్ని.”

“సరే, ఆయన వచ్చేలోగా వీటిని ఏరేద్దాం. మన అడవి పురుగు ఇక్కడి చెట్ల మీద పడితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఇలా తెచ్చి వదలకూడదు భోజన్నా, పెద్ద తప్పిది. వార్డు నుంచి స్పిరిట్ సీసాలు తెస్తాను. అందులో వేసేద్దాం.”

“ఎయ్య.”

“ఏంటి?”

“నేను ఎయ్య సిస్టర్. మిమ్ములను గూడ ఎయ్యనియ్య.”

“నువ్వు కాదంటే సరిపోద్దా?”

“గోడ కడగమన్నరు, కడిగిన. లైట్లు మార్చుమన్నరు, మార్చిన. మా అయ్య పోయిననాడు సెలవు లేదు పొమ్మన్నరు, ట్యాంకు మీద పని జేసుకుంట ఏడ్సిన. ఎవరేం చెప్పినా ఎదురు మాట్లాడలే. గిదొక్కటి చెయ్య. ముదీర్ చెప్పినా చెయ్య, ప్రొఫెసర్ చెప్పినా చెయ్య.”

“పురుగుల కోసం ఖురూజ్ కొట్టించుకుంటావా?”

“కొట్టనియ్.”

“ఇందాకేగా అంత భయపడ్డావు.”

“భయమే. గిప్పుడు గూడ భయమే. అయినా చెయ్య.”

“అసలు ఎందుకింత పట్టుదల? నిజం చెప్పు.”

“అక్కడ ఊర్మిల గూడ నిష్ఠ పట్టింది. పిల్లలు చెట్టెక్కినంక ఇంట్ల మొగడు పెండ్లాం ఇద్దరు పట్టాలె. నీసు తినద్దు, మొగోడు గడ్డం తియ్యద్దు, తానం జేయకుంట చెట్టు ముట్టద్దు. నేను ఇక్కడికొచ్చినప్పటి సంది అది ఒక్కతే పడుతుండె. ఈ ఏడు ఇద్దరం పట్టినం. పొద్దుగాల ఫోన్ల అది అక్కడి పిల్లల ముచ్చట చెప్తది, నేను ఇక్కడియి చెప్త. ఇన్నేండ్లల్ల మేమిద్దరం కలిసి చేసిన పని గిదొక్కటే సిస్టర్. గిదేంది, మీరు ఏడుత్తున్నరా?”

“నైట్ డ్యూటీ చేస్తే కళ్లు ఇలాగే ఉంటాయి. ఇంకెన్నాళ్లకి గూళ్లు కడతాయి?”

“ఇంకో వారం, పది దినాలు.”

“అప్పటిదాకా చెట్టు మీద ఉంచడం కుదరదు. రెక్కలొచ్చి ఎగిరిపోతే నీ చేతుల్లోనూ ఉండదు, నా చేతుల్లోనూ ఉండదు. ఆ మాట మాత్రం నేను వదలను.”

“చంపకుంట ఏమన్న జెయ్యుండ్రి, నేను అడ్డం రాను. ప్రొఫెసరుకు నేనే చెప్త. సంచిల వచ్చినయ్, నాయే అని చెప్త.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆయన ఆసుపత్రికి రాస్తాడు, ఆసుపత్రి నీ కంపెనీకి రాస్తుంది.”

“ఖురూజ్.”

“నీకే కాదు, తెచ్చిన సాయికుమార్‌కి కూడా.”

“నేను చెప్పకపోతె మీరు పెట్టినయన్ని కొట్టేత్తడు గద.”

“కొట్టేస్తాడు.”

“మీ మాట అబద్ధమైతది.”

“అవుతుంది. కాసేపు నోరు మూసుకుని నిలబడు, నన్ను ఆలోచించుకోనివ్వు.”

“సిస్టర్, ఫోన్ మోగుతున్నది.”

“వినబడుతోంది.”

ఫోనులో మాటలు ఇంగ్లీషులో నడిచాయి. భోజన్నకి ముక్కలు ముక్కలుగా అర్థమైన ఆ మాటలు తెలుగులో ఇవి.

“హలో, చెప్పండి ప్రొఫెసర్. గేటు దగ్గరున్నారా? రండి, మంచిదే. కానీ గోడ దగ్గరికి కాదు, గోడ సంగతి అయిపోయింది. జనరేటర్ వెనక్కి రండి. ఇక్కడో చెట్టుంది.”

“సిస్టర్, ఏం చెప్తున్నరు?”

“ఫోటోలు కాదు ప్రొఫెసర్. పురుగులు, ప్రాణంతో ఉన్నాయి. అవును, ఆంథెరియానే. మీరే వచ్చి చూసుకోండి. కానీ ముందు నా షరతు వినండి. ఒక్కదాన్ని కూడా చంపకూడదు. కొమ్మలతో సహా కోసి మీ ల్యాబుకి తీసుకెళ్లాలి, వల కట్టి పెంచాలి, గూళ్లు కట్టనివ్వాలి.”

“ఒప్పుకుంటడా?”

“ఒప్పుకోకపోతే చెట్టు చూపించను. నా రికార్డులన్నీ కొట్టేసుకోండి, నన్నేమైనా రాసుకోండి, చెట్టు మాత్రం చూపించను. ఏమంటారు? గట్టిగా చెప్పండి. మాట ఇచ్చినట్టేనా? సరే. వాటికి ఏ ఆకు వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో చెప్పే మనిషి ఒకడున్నాడు నా దగ్గర. అతను చెప్పినట్టే చెయ్యాలి. ఇంకో మాట, చెట్టు దగ్గరికి చెప్పులు విడిచి రావాలి. ఎందుకంటే ఎందుకో, విడిచి రండి అంతే.”

“సిస్టర్, ఎట్ల వచ్చినయంటడు, అడుగుతడు. నా పేరు చెప్పుండ్రి. నాకేం బాధ లేదు.”

“నువ్వాగు. మీతో కాదు ప్రొఫెసర్, ఇక్కడ ఒకతను గోడ కడగాలని గొడవ చేస్తున్నాడు. ఏంటి, ఎలా వచ్చాయా?”

“సిస్టర్.”

“మీరు నెల రోజులుగా అంటున్నదే నిజం ప్రొఫెసర్. ఇండియా నుంచి బ్యాగులో పెట్టుకుని తెచ్చింది నేనే. అప్పుడు రాసినట్టే, ఇది కూడా అందరూ చదివేచోటే రాయండి.”